బంపర్లు కుట్టిన రోజులు

2012 నవంబరులో మా అమ్మాయి హైస్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. రోబోటిక్స్ జట్టులో చేరిన పిల్లల తల్లిదండ్రులు ఏ పనిలో సాయపడగలరో టిక్కు పెట్టి పంపాలట. లేతు మిషను పని, వెల్డింగ్, ప్రోగ్రామింగ్, చందాలు పోగుచేయడం, పిల్లలను కారులో దించడం, భోజనాలు. అన్నిటికంటే అడుగున, ఎవరికో ఆఖరున గుర్తొచ్చి చేర్చినట్టు, కుట్టుపని. భోజనాల దగ్గర టిక్కు పెట్టాను. రోబోకు కుట్టేదేముంటుందని నవ్వుకుంటూనే కుట్టుపని దగ్గర కూడా పెట్టాను.

మిషిగన్ వచ్చి అప్పటికి నాలుగేళ్లు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే చాలామంది తెలుగువాళ్లలాగే మా ఆయన కార్ల పరిశ్రమలో ఇంజినీరు. నాది హెచ్-4 వీసా. దాని మీద వచ్చిన భార్య ఇక్కడ ఉండవచ్చు, చదువుకోవచ్చు, కారు నడపవచ్చు. ఉద్యోగం మాత్రం అప్పట్లో చేయకూడదు. గుంటూరులో ఎం.సి.ఎ. చదివి, హైదరాబాదులో అయిదేళ్లు ఉద్యోగం చేసి వచ్చినదాన్ని, ఇక్కడ మంచు పడే రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని పాత చీరలకు ఫాల్స్ కుట్టుకునేదాన్ని. కుట్టు మా అమ్మ దగ్గర తెనాలిలో నేర్చుకున్నాను. ఎం.సి.ఎ. కంటే అదే ముందు అక్కరకొస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే కొట్టినంత పని చేసేదాన్ని.

జనవరి మొదట్లో ఒక శనివారం పొద్దున ఆ ఏటి ఆట ఏమిటో ప్రకటిస్తారు. ఒకే రోజు, అన్ని ఊళ్లలో, అన్ని జట్లకూ. అప్పట్లో ఆ రోజు నుంచి ఆరు వారాల పైచిలుకు గడువు ఉండేది. గడువు చివరి రోజు అర్ధరాత్రిలోగా రోబోను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నంబరు ఉన్న తాడు బిగించి, పోటీ దాకా ముట్టుకోకూడదని నియమం ఉండేది. ఈ పోటీల సంస్థ పేరు ఫస్ట్. డీన్ కేమన్ అనే ఆవిష్కర్త 1989లో స్థాపించాడు. 1992లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక బడి జిమ్‌లో 28 జట్లతో మొదటి పోటీ పెట్టాడట. మేము చేరేనాటికి జట్లు వేలల్లో ఉన్నాయి. మెట్లెక్కే చక్రాల కుర్చీని తయారుచేసింది కూడా ఈ కేమనే. ఆ సంగతి మాకు తర్వాత ఒకసారి వాదనకు పనికొచ్చింది, చెబుతాను.

రోబోకు కుట్టేదేమిటంటే, బంపర్లు. మైదానంలో మూడు రోబోలు ఒక పక్షం, మూడు ఒక పక్షం. ఒక్కోటీ యాభై కిలోల పైన బరువుండి, గుద్దుకుంటూ తిరుగుతుంది. అందుకని రోబో చుట్టూ అయిదంగుళాల ఎత్తున ప్లైవుడ్ పట్టీ, దాని మీద పిల్లలు ఈతకొలనులో పట్టుకు తేలే పొడుగాటి నురగ గొట్టాలు ఒకదాని మీద ఒకటి రెండు, వాటి మీద బిగుతుగా గట్టి నైలాన్ బట్ట. ఒక మ్యాచ్‌లో ఎర్రపక్షమైతే ఎర్రబట్ట, ఇంకోదాంట్లో నీలం. బట్ట మీద జట్టు నంబరు నాలుగంగుళాలకు తగ్గకుండా తెల్లగా కనబడాలి. ఇవన్నీ అప్పటి నియమాల పుస్తకంలో బొమ్మలతో సహా ఉండేవి. మా జట్టు అంతకుముందు ఏడు బట్టను స్టేపులు కొట్టి అంటించిందట, పోటీ మధ్యలో ఊడిపోయిందట. కోచ్ నాకు ఆ కథ చెబుతుంటే పక్కనున్న పిల్లలు నేల చూపులు చూశారు.

మొదటిసారి కుట్టింది అచ్చం దిండు గలీబులా వచ్చింది. మూలల దగ్గర బట్ట ముడతలు పడి బుంగమూతి పెట్టింది. నా ఇంటి మిషను సూదులు ఆ నైలాన్‌కు తట్టుకోలేక ఒకే సాయంత్రం మూడు విరిగాయి. జీన్సు కుట్టే లావు సూది తెచ్చాను. ముడతల సంగతి మాత్రం రెండు రోజులు అంతుపట్టలేదు. రెండో రోజు రాత్రి అన్నం కలుపుకుంటూ ఉంటే తట్టింది. ఇది దిండు కాదు, జాకెట్టు. గుండ్రటి దాని మీద బట్ట ముడత పడకుండా కూర్చోవాలంటే డార్టు వేయాలి, అంటే ఎక్కువైన బట్టను కోసుగా మడిచి కుట్టాలి. చేయి కడుక్కుని వెళ్లి ప్రతి మూలకూ రెండేసి డార్టులు వేశాను. ఆ తర్వాత ఇంకొంచెం ధైర్యం వచ్చి, ఒకవైపు ఎరుపు, తిరగేస్తే నీలం ఉండేట్టు వెల్క్రో పెట్టి ఒకే తొడుగు కుట్టాను. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య పిల్లలు రెండు నిమిషాల్లో రంగు మార్చేవాళ్లు. పక్క జట్టు పిల్లలు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. కొలతలు చెప్పమన్నారు. చెప్పాను. ఎదుటి జట్టుకు సాయం చేయడం ఈ పోటీలో తప్పు కాదు సరికదా, అదే మర్యాద. వుడీ ఫ్లవర్స్ అని ఎంఐటీలో ప్రొఫెసరు ఒకాయన దానికి గ్రేషియస్ ప్రొఫెషనలిజమ్ అని పేరు పెట్టాడు. తెలుగులో ఏమనాలో చాలాసార్లు ఆలోచించాను. పెళ్లివారింట్లో మన వంట అయిపోగానే పక్కింటి పొయ్యి దగ్గరకు వెళ్లి గరిటె అందుకుంటాం చూడండి, అలాంటిది.

వర్క్‌షాపు గుమ్మం దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము, చేసిన పని. పిల్లలే కాదు, పెద్దవాళ్లూ రాయాలి. మొదటి రోజు పులిహోర గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లబోతే పదకొండో తరగతి కుర్రాడు ఆపి పెన్ను చేతికిచ్చాడు. "వంట చేసిన టైము కూడా రాయండి, అదీ పనే" అన్నాడు. వాడికి అది నియమం. నాకేమో నాలుగేళ్లలో నా పనిని గంటల్లో రాయమన్న మొదటి మనిషి వాడు. రెండున్నర గంటలు, పులిహోర అని రాశాను. నా చేతిరాత నాకే కొత్తగా కనిపించింది.

పోటీ సంగతులు ఎక్కువ రాయను. ఆ ఏడాది ఆట ఫ్రిస్బీలు విసరడం, పిరమిడ్ ఎక్కడం. మావాళ్ల రోబో విసిరేది, ఎక్కేది కాదు. మిషిగన్‌లో అప్పటికే జిల్లా పద్ధతి, అంటే దగ్గరి ఊళ్లలో చిన్న పోటీలు పెట్టే పద్ధతి, వచ్చింది కాబట్టి బడి జిమ్‌లలోనే పోటీలు. రెండు చోట్ల ఆడి, రెండు చోట్లా మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టాం. నాలుగేళ్లలో మా జట్టు గెలిచిన కప్పులు ఒక చేతి వేళ్లకు కూడా సరిపోవు. నాకు గుర్తున్నవన్నీ పోటీ బయటివే.

గ్రంథాలయంలో ప్రదర్శన గుర్తుంది. ఫ్రిస్బీలు విసిరే రోబో అంటే చిన్నపిల్లలకు పండగేనని అనుకున్నాం. సమావేశాల గదిలో యాభై మంది దాకా పిల్లలు కార్పెట్ మీద కూర్చున్నారు. గాలి నింపే కంప్రెసర్ ఆన్ చేయగానే రోడ్డు తవ్వుతున్నంత మోత. ముందు వరసలో మూడేళ్ల పాప గుక్క పట్టింది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు. మావాళ్లు బిక్కచచ్చిపోయారు. రోబోను ఎలా ఆడించాలో నేర్చుకున్నారు గానీ ఏడ్చే పిల్లను ఎలా ఊరుకోబెట్టాలో ఆరు వారాల్లో ఎవరూ చెప్పలేదు. చివరికి మా అమ్మాయి కంప్రెసర్ ఆపేసి, రోబోను తాబేలు నడకలో ముందుకు తెచ్చి, రిమోటు తీసుకెళ్లి ఆ పాప ఒళ్లో పెట్టింది. ఆపే బటన్ మాత్రం తన చేతిలో ఉంచుకుంది. పాప పుల్ల కదిపితే రోబో కదిలింది. వదిలితే ఆగింది. కన్నీళ్లు చెంపల మీద ఉండగానే మళ్లీ కదిపింది. ఆ తర్వాత ఫ్రిస్బీలు ఎవరికీ అక్కర్లేకపోయింది. వరస కట్టి ఒక్కొక్కరూ నడిపారు.

అక్కడే ఇంకో చిక్కు. రోబో దగ్గర ఎవరైనా సరే రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. అవి చిన్న తలల మీంచి ముక్కు కిందికి జారిపోతున్నాయి. ఇంటికొచ్చి ముప్పై జతలకు వెనకవైపు లంగాలకు వేసే వెడల్పు ఎలాస్టిక్ కుట్టాను. మిగిలిన ఎలాస్టిక్ ఉండ ఏళ్ల తరబడి నా కుట్టుపెట్టెలోనే ఉండిపోయింది. 2020 మార్చిలో పోటీలు ఉన్నపళంగా ఆగిపోయి, బళ్లు మూసేసినప్పుడు, ఆస్పత్రుల వాళ్ల కోసం జట్టు పిల్లలు ఎవరిళ్లలో వాళ్లు త్రీడీ ప్రింటర్లు పెట్టుకుని ముఖానికి అడ్డుపెట్టే ప్లాస్టిక్ షీల్డులు తయారుచేశారు. మా అమ్మాయి జట్టు వదిలి అప్పటికి నాలుగేళ్లు. అయినా కోచ్ నాకు ఉత్తరం రాశాడు, ఎలాస్టిక్ ఎక్కడా దొరకడం లేదని. ఆ ఉండ తీసి గుమ్మం బయట పెట్టాను. నా మంగళగిరి నేత చీరలు రెండు కత్తిరించి మాస్కులు కుట్టి అవి కూడా పక్కనే పెట్టాను. ఎవరో కుర్రాడు కారు దిగి, కిటికీలో ఉన్న నాకు చేయి ఊపి, తీసుకెళ్లాడు. సరే, అది చాలా తర్వాతి మాట.

2013 ఉగాది సంబరాలకు రోబోను తీసుకెళ్లడం నా ఆలోచనే. మనవాళ్లకు చూపించాలని నాకు ఉబలాటం. ఎలాగూ పోటీలో ముందుకు పోలేదు గనుక రోబో ఖాళీగానే ఉంది. ఒక బడి ఆడిటోరియంలో వేడుక. లోపల కూచిపూడి, పంచాంగ శ్రవణం, బయట వసారాలో ఉగాది పచ్చడి గిన్నెల పక్కన మా రోబో. చూసిన వాళ్లందరూ ముందు అడిగింది ఒకటే: దీనివల్ల మంచి కాలేజీలో సీటు వస్తుందా? రెండోది, ఎన్ని గంటలు పోతుంది, లెక్కలకు దెబ్బ కాదా? మా అమ్మాయి ఓపికగా జవాబులు చెబుతుంటే నాకే మనసు చివుక్కుమంది. వాళ్ల బాధ నాకు తెలియనిదా? నేనూ అవే ప్రశ్నలు వేసుకుని పంపినదాన్నే.

అప్పుడు ఒక పెద్దాయన వచ్చారు. కొడుకు దగ్గరకు ఆరు నెలలకు వచ్చినవారు. పంచె మీద పెద్ద చలికోటు, కాళ్లకు బూట్లు. ఆయన ఏమీ అడగలేదు. మోకాళ్ల మీద కూర్చుని రోబో లోపలికి చూశారు. వేలు పెట్టి చైను నొక్కి, వదిలారు. ఇంకోవైపు చైను నొక్కి, వదిలారు.

"ఎడమవైపు చైను వదులుగా ఉందమ్మా. ఇది నేరుగా పోదు, పక్కకు లాగుతుంది."

నిజమే. సీజనంతా ఎడమకు లాగుతూనే ఉంది. మావాళ్లు అది ప్రోగ్రామ్‌లో తప్పనుకుని రాత్రింబవళ్లు అంకెలు మారుస్తూ కూర్చున్నారు.

విజయవాడలో ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారట. నేను బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టాను. వచ్చే శనివారం వర్క్‌షాపుకు రమ్మంటే "నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా" అన్నారు. "చైనుకు ఇంగ్లీషు వచ్చా బాబాయిగారూ" అన్నాను. ఆ వేసవి అంతా శనివారాలు నేనే కారులో తీసుకెళ్లేదాన్ని. మొదట్లో నేను తర్జుమా చేసేదాన్ని. రెండు వారాలకు ఆ అవసరం పోయింది. స్పానరు పట్టుకున్న పిల్లవాడి మణికట్టు మీద చేయి వేసి, చాలు అన్నట్టు చిన్నగా నొక్కేవారు. బోల్టు ఎక్కడ బిగించడం ఆపాలో ఆ ఒక్క నొక్కుతో చెప్పేవారు. బిగింపును కొలిచే టార్క్ రెంచి, ఇంటి పనిముట్ల అంగడిలో కొన్నది ఒకటి ఉన్నా ఆ వేసవి ఎవరూ దాని జోలికి పోలేదు. పిల్లలు తాతగారూ అనడం నేర్చుకున్నారు. వాళ్ల నోట్లో అది "టాటా గారు" అయ్యేది. ఆయన ప్రతిసారీ, ఎవరో ఊరికి వెళ్తున్నట్టు, చేయి ఊపేవారు. ఆ హాస్యం ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు.

సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర పుస్తకంలో ఆయన పేరు తెలుగులో ఉంటుంది. పని అన్న గడిలో ప్రతి శనివారం ఒకే మాట: "చూశాను."

ఇక లెక్కల గొడవ. ఫస్ట్ పోటీల్లో అన్నిటికంటే పెద్ద గౌరవం గెలిచిన రోబోకు కాదు, ఛైర్మన్స్ అవార్డుకు. ఊరికి ఏమి చేశారు, ఎంతమంది పిల్లలను ఇటువైపు తిప్పారు, ఇంకో జట్టును నిలబెట్టారా అన్నవి చూసి ఇస్తారు. ఇప్పుడు దాని పేరు ఇంపాక్ట్ అవార్డు. ఖాళీలతో సహా పది వేల అక్షరాలకు మించకుండా వ్యాసం రాయాలి. ముగ్గురికి మించకుండా విద్యార్థులు వెళ్లి న్యాయనిర్ణేతల ముందు మాట్లాడాలి. పదో తరగతిలో మా అమ్మాయికి ఆ బాధ్యత ఇచ్చారు. దాంతో మా ఇంట్లో కంప్యూటర్ మీద ఒక పెద్ద పట్టిక వెలిసింది. తేదీ, చోటు, గంటలు, చివరి గడిలో "ఎంతమందిని చేరాం".

ఆ చివరి గడి చూస్తే నాకు ఒళ్లు మండేది. గ్రంథాలయం, అరవై. ప్రాథమిక పాఠశాలలో లెగో రోబోలు నేర్పడం, పద్నాలుగు. వృద్ధాశ్రమంలో ఫోను వాడకం నేర్పడం, తొమ్మిది. జూలై నాలుగు ఊరేగింపు, అయిదు వేలు. ఊరేగింపులో రోబో ట్రాలీ మీద వెళ్లింది, పిల్లలు మిఠాయిలు విసిరారు, అంతే. రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డ జనాన్నంతా లెక్కేశారు. "వాళ్లు చూసింది మిఠాయిలనే" అన్నాను. "అమ్మా, అన్ని జట్లూ ఇలాగే రాస్తాయి" అంది. అదీ నిజమే. లెక్క లేకపోతే చందా ఇచ్చేవాళ్లు ఇవ్వరు, బడి బస్సు ఇవ్వదు. అయినా వృద్ధాశ్రమంలో ఒకావిడకు మనవడి ముఖం ఫోనులో కనబడేలా చేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆమె ఆ తొమ్మిదిలో ఒకటి. ఊరేగింపులో ఎండకు టోపీ పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డ మనిషి కూడా ఒకటే.

2015 ఆటలో ప్లాస్టిక్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. రెండు పక్షాలూ మైదానంలో ఎవరి వైపు వాళ్లే ఉంటారు, గుద్దుకోవడం లేదు. కనుక ఆ ఏడు బంపర్లే అక్కర్లేదు. నియమాలు చదివి పిల్లలందరూ బరువు తగ్గిందని గంతులేశారు. నేనొక్కదాన్నే బావురుమన్నంత పని చేశాను. పైగా ఆ ఆటలో చెత్తకు బదులు వాడేది ఏమిటంటారు? అవే నురగ గొట్టాలు. వర్క్‌షాపు నిండా నురగ గొట్టాలు, వాటికి తొడుగు కుట్టే పని మాత్రం లేదు.

ఆ వసంతంలోనే బొమ్మకారు పని వచ్చింది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో కోల్ గాలోవే అనే ఆయన గో బేబీ గో అని మొదలుపెట్టారు. నడవలేని పసిపిల్లలకు, అంగళ్లలో దొరికే బ్యాటరీ బొమ్మకార్లను వాళ్లకు తగ్గట్టు మార్చి ఇవ్వడం. అంత చిన్నపిల్లలకు మోటారు చక్రాల కుర్చీ అంటే వేల డాలర్లు. పైగా ఏడాదిలో పొట్టిదైపోతుంది. మా ఊళ్లో ఒక ఫిజికల్ థెరపిస్టు జట్టును అడిగింది, రెండేళ్ల బాబు ఒకడున్నాడు, నడుము కింద బలం లేదు, పాకలేడు, ఒక కారు చేసి పెడతారా అని.

రోబోలు చేసే పిల్లల చేతికి బొమ్మకారు ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. మొదటి సమావేశంలో జాయ్‌స్టిక్ పెట్టారు. రెండో సమావేశానికి గోడ వస్తే తనంతట తను ఆగే సెన్సర్లు చేరాయి. మూడోసారికి ఫోనులో యాప్. మెట్లెక్కే కుర్చీ చేసిన కేమన్ పెట్టిన పోటీలో ఆడేవాళ్లం, ఈ మాత్రం చేయలేమా అని మా అమ్మాయి వాదించింది. థెరపిస్టు అంతా విని, తన సంచిలోంచి ఒక ఎర్ర బటన్ తీసి బల్ల మీద పెట్టింది. అన్నం పళ్లెంలో సగం ఉంటుంది. నొక్కితే పోవాలి, వదిలితే ఆగాలి, అంతకుమించి ఒక్కటి కూడా వద్దు, వాడికి తెలియాల్సింది తను నొక్కితేనే పోతుందన్న సంగతి, అంది. మూడు వారాల డిజైను ఒక నిమిషంలో పోయింది. ప్రోగ్రామింగ్ పిల్లలు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నారు. పట్టికలో ఇంత పనికి ఎదురుగా చివరి గడిలో ఏమి వస్తుందో వాళ్లకూ తెలుసు.

పని నిజానికి చిన్నదే. కాలి పెడల్ కింద ఉన్న స్విచ్చు తీగలు కోసి, పొడిగించి, స్టీరింగ్ మధ్యలో ఉన్న ఎర్ర బటన్‌కు కలిపారు. వెనక పెద్దవాళ్లు ఆపడానికి ఇంకో స్విచ్చు. పీవీసీ గొట్టాలతో బాబు చుట్టూ చట్రం. వీపుకు ఈత నేర్చుకునేవాళ్లు పట్టుకునే నురగ పలక. గొట్టాల మీద తొడగడానికి కావలసినన్ని నూడుల్స్, అంటే ఆ ఈతకొలను నురగ గొట్టాలు, ఉన్నాయి. వాటి మీద తొడుగులు, ఛాతీకి పట్టీ నా వంతు. బాబు కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. టేపు ఛాతీ చుట్టూ తిప్పుతుంటే వాడు టేపు చివర నోట్లో పెట్టుకున్నాడు. తడిసిన చోటే పద్దెనిమిదిన్నర.

మొదటి పట్టీకి వెల్క్రో ముందువైపు పెట్టాను. బాబు పది సెకన్లలో చర్రున ఊడబీకి, ఆ చప్పుడుకు పడీ పడీ నవ్వి, మళ్లీ అతికించమని చూపించాడు. అయిదుసార్లు. ఇంటికి తెచ్చి, పసిపిల్లల గౌనుకు హుక్కులు వెనక పెట్టినట్టు, వెల్క్రోను వీపు వెనక్కి మార్చాను. ఆ రాత్రి నీలం దారం అయిపోయింది. పొద్దున్నే ఇవ్వాలి. నీలం బట్ట మీద ఎర్రదారంతో కుట్టేశాను. మా అమ్మ చూసి ఉంటే విప్పించి మళ్లీ కుట్టించేది.

బడి జిమ్‌లో కారు ఇచ్చాం. బాబును కూర్చోబెట్టారు. బటన్ వైపు చూడడే. చుట్టూ ఇరవై మంది మోకాళ్ల మీద కూర్చుని నొక్కు నొక్కు అంటుంటే పిల్లవాడు ఎవరివైపు చూడాలో తెలియక పైకి దీపాల వైపు చూశాడు. థెరపిస్టు అందరినీ దూరం పొమ్మంది. కాసేపటికి, ఏదో అందుకోబోతూ, చేయి బటన్ మీద పడింది. కారు ఒక్క ఎగురు ఎగిరింది. చేయి తీసేశాడు, ఆగింది. వాళ్ల అమ్మ వైపు చూశాడు. బటన్ వైపు చూశాడు. ఈసారి అరచేయి మొత్తం పెట్టి నొక్కాడు, తీయలేదు. స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉన్నందున కారు గుండ్రంగా తిరిగింది. వాళ్ల అమ్మ రెండు చేతులూ ముందుకు చాపి, ఎక్కడ పడిపోతాడోనని, వెనకే వంగి నడుస్తోంది. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో ఆమె ఆగిపోయింది. చేతులు అలా చాపే ఉన్నాయి. కారు ఆమెను దాటి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయింది. చివరికి గోడకు తగిలింది. నూడుల్ తొడుగు నొక్కుకుని మళ్లీ పైకి లేచింది. నేను ఆ తొడుగు మూల వైపే చూస్తున్నాను. ముడత పడలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి పట్టిక తెరిచింది. గంటలు వేసింది. చివరి గడిలో 1 అని కొట్టి చాలాసేపు కూర్చుంది. "వాళ్ల ఇంట్లోవాళ్లను కూడా కలిపితే నాలుగు అవుతుంది కదా" అని జట్టులో ఎవరో ఫోనులో అంటున్నారు. "వద్దు" అంది. తర్వాతి ఏడు న్యాయనిర్ణేతల ముందు ఆ పట్టిక పెట్టారు. అవార్డు రాలేదు. వచ్చిన జట్టు నిజంగా గొప్పది, వాళ్ల బంపర్లు మాత్రం స్టేపులవే.

అదే 2015 మే 26 నుంచి హెచ్-4 మీద ఉన్న కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. ఆ కొందరిలో నేనూ ఉన్నాను. కార్డు చేతికొచ్చాక దరఖాస్తు నింపుతుంటే, గత ఏడేళ్లలో ఏమి చేశారన్న గడి దగ్గర చేయి ఆగింది. కోచ్‌ను అడిగితే గుమ్మం దగ్గరి పుస్తకాలు మూడూ తిరగేసి నా గంటలు కూడి ఉత్తరం రాసిచ్చాడు. కుట్టుపని, భోజనాలు, ప్రదర్శనలు, దుబాసీ పని అన్నీ వేరువేరుగా. దుబాసీ అంటే బాబాయిగారి శనివారాలు. చూశాను అని ఆయన రాసిన వరసల పక్కనే నా వరసలు.

మా అమ్మాయి 2016లో హైస్కూలు ముగించి వెళ్లిపోయింది. ఆ శరదృతువులో ఒక సాయంత్రం కోచ్ ఫోను చేశాడు. బాబు పెరిగాడు, కారు పట్టడం లేదు, వాళ్ల అమ్మ తిరిగి తెచ్చి ఇచ్చింది, ఇంకో పాప ఎదురుచూస్తోంది, తొడుగులు మార్చాలి, రాగలరా అని. ఉద్యోగం అయ్యాక వెళ్లాను. గుమ్మం దగ్గర పుస్తకం కొత్తది. పెన్ను అందించిన పిల్ల నాకు తెలియదు, నా పేరు స్పెల్లింగు అడిగింది.

కారు ముందుభాగమంతా స్టిక్కర్లు. ఒకవైపు బంపరు గీసుకుపోయి రంగు లేచింది. బటన్ ఎర్రరంగు మధ్యలో అరచేయి మేర వెలిసింది. సీటు సందులో చిరుతిండి గింజలు ఎండిపోయి ఉన్నాయి. ఎడమవైపు నూడుల్‌ను కొరికిన పళ్ల గుర్తులు తొడుగు మీది నుంచే కనబడుతున్నాయి. పట్టీ తిప్పి చూస్తే నీలం మీద ఎర్రదారం, ఒక్క కుట్టు కూడా వదలలేదు. విప్పడానికి కత్తెర కంటే బ్లేడు అవసరమైంది.

మర్నాడు పాపను తీసుకొచ్చారు. ఏడాదిన్నర. టేపు ఇస్తే నోట్లో పెట్టుకోలేదు, చేత్తో పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఇంటికొచ్చి కొలతల పుస్తకం తీశాను. తెనాలి నుంచి తెచ్చుకున్నదే. మా చెల్లెలి జాకెట్టు కొలతల కింద ఒక గీత గీసి, ఛాతీ పదిహేడు, వీపు ఎనిమిది, వెల్క్రో వెనకవైపు అని రాసుకున్నాను.